బడిపంతులుకు సర్టిఫికెట్టు తెచ్చిన వైద్యుడు

బతకలేక బడిపంతులు అన్న సామెత 1830ల నాటి ఇంగ్లండుకు అతికినట్టు సరిపోయేది. మరే పనీ కుదరనివారు ఎందరో బడి పెట్టుకునేవారు. పంతులుకు ఏమి వచ్చో అడిగే నాథుడు లేడు. ఆ స్థితిని మార్చినవారు సర్ జేమ్స్ కే షటిల్‌వర్త్.

1804లో రోచ్‌డేల్‌లో జన్మించిన ఆయన వైద్యుడు. మాంచెస్టర్ నూలు మిల్లు కార్మికుల వాడల్లో వైద్యం చేస్తూ, రోగానికీ పేదరికానికీ చదువులేమి తోడవుతోందని గ్రహించారు. 1839లో ప్రభుత్వ విద్యా సంఘానికి కార్యదర్శి అయ్యారు. మరుసటి ఏడు బాటర్సీలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నెలకొల్పారు.

1846లో ఆయన తెచ్చిన నిబంధనలే అసలు మలుపు. 13 ఏళ్లు నిండిన పిల్లలను 5 ఏళ్లపాటు పంతులు వద్దనే ఉంచి బోధన నేర్పేవారు. ఏటా ఇన్‌స్పెక్టరు పరీక్ష పెట్టేవాడు. నెగ్గినవారికి మొదటి ఏడు 10 పౌన్లు, చివరి ఏడు 20 పౌన్లు ముట్టేవి. ఆపైన స్కాలర్‌షిప్పుతో శిక్షణ, ప్రభుత్వ పరీక్ష, సర్టిఫికెట్టు. దాని శ్రేణిని బట్టి పంతులుకు ఏటా 15 నుంచి 30 పౌన్ల గ్రాంటు వచ్చేది. దానికి రెట్టింపు జీతం, అద్దెలేని ఇల్లు బడి యాజమాన్యం ఇవ్వాలి. పేదింటి బిడ్డకు గౌరవంగా బతికే దారి దొరికింది.

అనారోగ్యంతో 1849లో ఆయన తప్పుకున్నారు. 1862లో ప్రభుత్వం ఆ గ్రాంటు తీసివేసింది. పిల్లల హాజరును, చదవడం, రాయడం, లెక్కల్లో వారి పరీక్షా ఫలితాలను చూసి బడికి డబ్బివ్వసాగింది. పిల్లవాడు తప్పితే పంతులు జీతానికే ఎసరు. షటిల్‌వర్త్ గట్టిగా ఎదిరించినా ఆగలేదు. ఈ ఫలితాల గ్రాంటు మద్రాసు ప్రెసిడెన్సీ బడులకూ పాకింది.

1877లో ఆయన కన్నుమూశారు. ఇంగ్లండులో ఆ పద్ధతి 1890ల్లో రద్దయింది. చదువు చెప్పేవాడు ముందు తాను పరీక్ష నెగ్గాలన్న ఆయన నియమం మాత్రం నిలిచిపోయింది.