అలీసాగర్ పేరు వెనుక ఒక విద్యార్థి

బోధన్, జూలై 10: ఎడపల్లి దగ్గరి అలీసాగర్‌ను చూడనివారు ఈ ప్రాంతంలో అరుదు. సెలవు రోజుల్లో పిల్లాపాపలతో వెళ్లి చెట్ల నీడన సద్దులు విప్పుకునేవారు ఎందరో ఉన్నారు. కాని ఆ అలీ ఎవరో చాలామందికి తెలియదు. నిజాంసాగర్‌ను కట్టించిన చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు అది. జూలై 11 ఆయన జయంతి. తెలంగాణ ప్రభుత్వం 2014 నుంచి ఆ రోజును ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుతున్నది.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి సర్కారు దఫ్తరులో ఉద్యోగి. సెంట్ జార్జి గ్రామర్ స్కూలులో, మదరసా-ఎ-ఆలియాలో చదివి నిజాం కళాశాలలో చేరారు. అప్పట్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. చదువు హైదరాబాదులోనే అయినా పరీక్షల కొలబద్ద మాత్రం మద్రాసుది. ఇక్కడి విద్యార్థి ఆ రాజధానిలోని పిల్లలందరితో సమానంగా నిలబడవలసి వచ్చేది.

1896లో సర్కారు వారు ఉపకార వేతనం ఇచ్చి ఆయనను ఇంగ్లండుకు పంపారు. అక్కడ కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివేవారు దాదాపు అందరూ తెల్లవారే. వారి మధ్య కూర్చుని చదువు నెగ్గి, 1899లో తిరిగివచ్చి అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యారు.

లెక్క తప్పితే నీరు పారదు

మంజీరపై అచ్చంపేట వద్ద 1923లో నిజాంసాగర్ పనులు మొదలై 1931లో పూర్తయ్యాయి. అనేక గ్రామాలు ముంపులో పోయాయి. సుమారు 29 టి.ఎం.సి.ల నీరు, 2 లక్షల 75 వేల ఎకరాల ఆయకట్టు అన్నది నాటి అంచనా. కాలువ బాన్సువాడ, వర్ని, బోధన్ ప్రాంతాల మీదుగా నిజామాబాదు వైపు సాగుతుంది. అంత దూరం మోటారు లేకుండా నీరు దానంతటదే పారాలంటే వాలు సరిగ్గా కుదరాలి. వాలు తగ్గితే పూడిక పడుతుంది, ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి. ఏ తూముకు ఎంత నీరు, ఏ గట్టు ఎంత వెడల్పు, వరద వస్తే ఎన్ని గేట్లు అన్నీ ముందుగా కాగితం మీద తేలాలి. ఇదంతా బడిలో నేర్చిన గుణకారం, భాగహారం, రేఖాగణితాల మీద నిలిచిన విద్యే. పునాది గట్టిగా లేనివారికి సీమ చదువు కూడా అక్కరకు రాదు.

నీరు వచ్చాక చెరుకు వచ్చింది. చెరుకు వెంట 1930ల చివర్లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. కోస్తా రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకున్నారు. వేల కుటుంబాలు బతికాయి. 1938లో నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నీటిపారుదల ఉపసంఘానికి అలీ నవాజ్ జంగ్ అధ్యక్షులయ్యారు. 1949లో కన్నుమూశారు.

నాడు కొందరికే, నేడు అందరికీ

అయితే ఒక మాట మరువరాదు. అటువంటి చదువు ఆనాడు పట్నంలోని కొద్దిమందికే దక్కింది. నిజాం రాజ్యంలో నూటికి పదిమందికైనా అక్షరాలు రాని రోజులవి. కాలువ తవ్విన కూలీల పిల్లలకు పలకాబలపం కూడా దొరకలేదు.

నేడు ఊరూరా బడి ఉంది, డిచ్‌పల్లిలో విశ్వవిద్యాలయం ఉంది. మరోవైపు బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. తాత ఫ్యాక్టరీలో చేసినంత మాత్రాన మనుమడికి కొలువు దొరికే రోజులు పోయాయి. ఎందరో యువకులు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టారు. అందులో తప్పు లేదు. కాని రెక్కల కష్టం అమ్ముకోవడానికి పోయేవాడికి, విద్య చేతపట్టుకుని పోయేవాడికి దొరికే కూలి వేరు, మర్యాద వేరు. ఒప్పంద కాగితం చదువుకోగలిగినవాడు ఏజెంటు చేతిలో మోసపోయే అవకాశం తక్కువ.

పాసు శాతం చూసి బడి బాగుందనుకోవడం చాలదు. అయిదో తరగతి పిల్లవాడు భాగహారం చేయగలడా, పదో తరగతి బాలిక ఒక పేజీ చదివి అర్థం చెప్పగలదా అని తల్లిదండ్రులు అడిగి చూడాలి. ఉపాధ్యాయులు జూలై 11న పిల్లలను దగ్గరి కాలువ గట్టుకు తీసుకుపోయి వాలు, వెడల్పు, నీటి వేగం లెక్క కట్టించవచ్చు. పెద్ద ఖర్చు లేని పని అది. అలీ నవాజ్ జంగ్‌కు అంతకు మించిన జయంతి ఉండబోదు. కాలువ నీరు చివరి మడికి చేరితేనే ఇంజనీరు గెలిచినట్లు. చదువు కూడా చివరి బెంచీకి చేరినప్పుడే బడి గెలిచినట్లు.