నొగూచి పండితుని పొరబాటు

శాస్త్రజ్ఞుల చరిత్రలు వ్రాయువారు వారి జయములనే లెక్కించుదురు. హిదేయో నొగూచి విషయమున మేమట్లు చేయజాలము.

జపాను దేశమందలి ఫుకుషిమా సీమలో నొక పేదరైతు ఇంట 1876లో ఆయన జన్మించెను. పసితనమున పొయ్యిలో పడుటచే ఎడమచేతి వ్రేళ్లు కాలి అంటుకొనిపోయెను. ఉపాధ్యాయులును సహాధ్యాయులును చందాలు పోగుచేసి శస్త్రచికిత్స చేయించిరి. అది చూచియే ఆయన వైద్యవిద్యకు దిగెనందురు. 1900లో అమెరికాకు పోయి సర్పవిషములను పరిశోధించి, పిమ్మట న్యూయార్కు రాక్‌ఫెల్లరు పరిశోధనాలయమున చేరెను. సవాయిరోగమువలన మతిచెడి మరణించినవారి మెదళ్లలో ఆ రోగక్రిమినే 1913లో చూపి ప్రఖ్యాతి గాంచెను.

1915లో జపానునందు ఇనాడా, ఇడో అను వైద్యులు వైల్ రోగమను తీవ్రమైన కామెర్లకు కారణమగు క్రిమిని కనుగొనిరి. మరమేకువలె మెలితిరిగిన ఈ క్రిమి ఎలుకల మూత్రపిండములలో నివసించి, మూత్రముతో నీటిలోనికి చేరి, కాళ్ల పగుళ్లగుండ మనుష్యునిలో ప్రవేశించును. వరిమళ్లలో దిగువారికి ఇది పరాయిరోగము కాదు. కుక్కలకును సోకును; కోలుకొన్న కుక్క సైతము కొంతకాలము క్రిమిని విసర్జించుచుండవచ్చును. దీనికి లెప్టోస్పైరా యని జాతినామ మిడినవాడు నొగూచియే.

1918లో ఈక్వెడారు దేశపు గ్వయాకిల్ రేవునకు పచ్చజ్వరమును పరిశోధింపబోయి, రోగులయందు ఇట్టి క్రిమినే చూచి, పచ్చజ్వరమునకు కారణ మిదియే యని ఆయన ప్రకటించెను. టీకాయు, సీరమును తయారయ్యెను. ఆ టీకా పచ్చజ్వరమునుండి ఎవరిని కాపాడగలదు? రెండు రోగములందును జ్వరము, కామెర్లు, రక్తస్రావము కలవు. కాని యొకటి దోమవలన వచ్చును, రెండవది ఎలుకవలన. ఆయన చూచినవారిలో కొందరు వైల్ రోగులే యై యుందురు. ఆయన క్రిమియు వైల్ క్రిమియు నొకటే యని 1926లో థీలరు, సెల్లార్డ్సు తేల్చిరి. మరుసటియేడు ఆఫ్రికాలో స్టోక్సు మొదలగువారు పచ్చజ్వరమును కోతులకు సోకించి, దాని కారణము వడపోతకు చిక్కని వైరస్ అని చూపిరి. స్టోక్సు ఆ జ్వరముననే మరణించెను.

నేడు ఈ సందేహము తీర్చు మార్గములు కలవు. వైల్ రోగమున మొదటివారము రక్తమును, పిమ్మట మూత్రమును పరీక్షింతురు; కొన్నిదినముల యెడముతో రెండుమారులు రక్తము తీసి పోల్చుదురు. అనుమానము బలముగా నున్నచో ఫలితమునకై వేచియుండక పెనిసిలిన్‌గాని డాక్సీసైక్లిన్‌గాని ఇత్తురు. కుక్కలకును ఇట్టి మందులే, టీకాలును కలవు. పచ్చజ్వరమును చంపు మందు మాత్రము నేటికిని లేదు.

నొగూచి తన తప్పు నొప్పుకొనలేదు. కాని న్యూయార్కున కూర్చుండి వాదింపను లేదు. ఇది ఆయన పక్షమున మేము చెప్పవలసిన మాట. 1927 చివర అక్రా నగరమునకు పోయి, తన సిద్ధాంతమును తానే మరల పరీక్షించుచు, 1928 మే 21న ఆ పచ్చజ్వరముచేతనే మరణించెను.