తొమ్మిదో నంబర్ మెషినిస్ట్

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో జాబ్ పాడైతే మనం ఏం చేస్తాం? పక్కవాడి జాబ్ అడిగి తెచ్చుకుని మార్కులు వేయించుకుంటాం. 1940ల మొదట్లో కెనడాలో ఒక కుర్రాడికి మాత్రం ఆ మెషినిస్ట్ సర్టిఫికెట్ నిజంగానే కావాల్సి వచ్చింది. సైన్యంలో చేరతానని వెళ్తే, పాత దెబ్బలకి విరిగిన ఎముకలు సరిగ్గా అతకలేదని ఎక్స్‌రే చూసి వెనక్కి పంపేశారు. పోనీ మెషినిస్ట్‌గా తీసుకోమంటే, హైస్కూల్ పూర్తిచెయ్యలేదు, ట్రేడ్ సర్టిఫికెట్టూ లేదన్నారు. పట్టువదలకుండా మాంట్రియల్ టెక్నికల్ స్కూల్లో నాలుగేళ్ళ కోర్సులో చేరాడు. కోర్సు అయ్యేలోపే యుద్ధం అయిపోయింది. ఈలోపు అతను ఐస్ హాకీలో అంతకుముందు ఎవ్వరూ చెయ్యనిది చేసి కూర్చున్నాడు.

పేరు మోరిస్ రిషార్. 1921 ఆగస్టు 4న మాంట్రియల్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రి రైల్వే కంపెనీ కార్మికుడు. 1930లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, ఆయన ఉద్యోగం పోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఇల్లు ప్రభుత్వ సాయంతోనే గడిచింది. పదహారేళ్ళకి మోరిస్ చదువు ఆపేసి తండ్రితోపాటు పనికి వెళ్ళాడు. సాయంత్రాలూ సెలవులూ అన్నీ మంచు మీదే.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. జట్టుకి గోలీతో కలిపి ఆరుగురు. ముందు వరసలో మధ్యన సెంటర్, అటూ ఇటూ వింగర్లు. ఈ రోజుల్లో జూనియర్ లీగుల్లో మెరిసిన కుర్రాళ్ళని ప్రొఫెషనల్ క్లబ్బులు డ్రాఫ్ట్ పద్ధతిలో వంతులవారీగా ఎంచుకుంటాయి. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిదే, కాకపోతే అక్కడ కంపెనీని ఎంచుకునే ఛాన్స్ కుర్రాడికి ఉండదు. ఆ డ్రాఫ్ట్ 1963లో గానీ మొదలవలేదు. మోరిస్ కాలంలో క్లబ్బులు జూనియర్ దశలోనే కుర్రాళ్ళ మీద హక్కులు రాయించుకునేవి. అలా వెర్డన్ జూనియర్ జట్టు నుంచి మాంట్రియల్ కెనడియన్స్ క్లబ్ గూటికి చేరాడు.

చేరాడన్న మాటే గానీ, వరసగా దెబ్బలు. సీనియర్ జట్టులో మొదటి మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది. మరుసటి ఏడు మణికట్టు. 1942లో అసలు జట్టులోకి తీసుకుంటే, పదహారు మ్యాచ్‌లు ఆడేసరికి కాలు విరిగింది. వీడు గాజుబొమ్మరా బాబూ, పనికిరాడు అని చాలామంది తేల్చేశారు. 1943లో కూతురు తొమ్మిది పౌన్ల బరువుతో పుట్టింది. ఆ సంతోషంలో జెర్సీ నంబర్ తొమ్మిదికి మార్చుకున్నాడు.

కోచ్ డిక్ ఇర్విన్ చేసిన తెలివైన పని, ఎడమచేతి వాటంగా కొట్టే మోరిస్‌ని కుడి వింగ్‌లో పెట్టడం. అప్పుడు స్టిక్ మైదానం మధ్యవైపు ఉంటుంది, గోల్‌కి కోణం బాగా దొరుకుతుంది. ఎల్మర్ లాక్, టో బ్లేక్‌లతో కలిసి ఆ ముగ్గురినీ పంచ్ లైన్ అనేవాళ్ళు. (మన సినిమా పంచ్ లైన్ కాదు, ఇది నిజంగానే తగిలేది.) 1944–45 సీజన్‌లో 50 మ్యాచ్‌ల్లో 50 గోల్స్ కొట్టాడు. మంచి ఆటగాళ్ళంతా యుద్ధానికి పోయారు కాబట్టి కొట్టాడులే అన్నారు కొందరు. వాళ్ళు తిరిగొచ్చాక, 1946–47లో 45 కొట్టి లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు పట్టుకెళ్ళాడు.

అసలు కథ గోల్స్‌లో లేదు. మాంట్రియల్‌లో ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచ్. కానీ ఫ్యాక్టరీల్లో, బ్యాంకుల్లో పై కుర్చీలు ఎక్కువగా ఇంగ్లీషువాళ్ళవి. మోరిస్‌కి మొదట్లో ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఏ భాషలోనైనా మాట్లాడేదే తక్కువ. అలాంటి మనిషిలో ఫ్రెంచ్ కార్మికులు తమని చూసుకున్నారు. లీగ్ అధ్యక్షుడు క్లారెన్స్ క్యాంప్‌బెల్ ఇంగ్లీషు మాట్లాడే లాయరు. 1954లో ఒక ఫ్రెంచ్ పత్రికలో తన పేరుతో వచ్చే కాలమ్‌లో మోరిస్ ఆయన్ని నియంత అన్నాడు. లీగ్ ఒత్తిడికి క్షమాపణ చెప్పి, వెయ్యి డాలర్ల పూచీ కట్టి, రాయడం మానేయాల్సి వచ్చింది.

1955 మార్చి 13, బోస్టన్. హాల్ లేకో స్టిక్ తగిలి మోరిస్ తల చిట్లింది. మోరిస్ స్టిక్ ఎత్తి అతన్ని కొట్టాడు. ఆపబోయిన లైన్స్‌మన్‌ని కూడా గుద్దాడు. అభిమానంతో దీన్ని వెనకేసుకురాలేం, శిక్ష పడాల్సిందే. కానీ క్యాంప్‌బెల్ మిగిలిన సీజన్‌తోపాటు ప్లేఆఫ్స్ మొత్తానికీ వేటు వేశాడు. స్కోరింగ్ టైటిల్ అందేంత దూరంలో ఉన్న మనిషికి అది పోయింది.

మార్చి 17న మాంట్రియల్ ఫోరమ్‌లో డెట్రాయిట్‌తో మ్యాచ్. రావద్దని ఎంతమంది చెప్పినా క్యాంప్‌బెల్ వచ్చి కూర్చున్నాడు. గుడ్లు, టమాటాలు వచ్చి మీద పడ్డాయి. ఎవరో టియర్ గ్యాస్ బాంబు వేశారు. హాలు ఖాళీ చేయించి, మ్యాచ్ డెట్రాయిట్‌కి ఇచ్చేశారు. జనం సెయింట్ కేథరీన్ వీధిలో పడి అద్దాలు పగలగొట్టారు, దుకాణాలు దోచారు. రాత్రంతా ఊరు అట్టుడికింది.

మర్నాడు మైకుల ముందుకి మోరిస్‌ని తీసుకొచ్చారు. ఫ్రెంచ్‌లో, తర్వాత ఇంగ్లీషులో చెప్పాడు: శిక్ష ఒప్పుకుంటున్నానని, వచ్చే ఏడాది తిరిగొస్తానని, ఇక గొడవలు వద్దని. ఊరు చల్లబడింది. లోపల మండుతున్నవాడే ఊరిని చల్లార్చాలి! నాకైతే ఆ యాభై గోల్స్‌కన్నా ఇదే కష్టమైన పని అనిపిస్తుంది. ఆ ఏడు టైటిల్ సొంత జట్టువాడు, తోటి ఫ్రెంచివాడు బెర్నీ జఫ్రియాన్‌కి ఒక్క పాయింట్ తేడాతో వెళ్ళింది. పాపం, గెలిచినందుకు అతన్ని సొంత జనమే ఎగతాళి చేశారు. మోరిస్‌కి ఆ టైటిల్ ఎప్పటికీ రాలేదు.

తిరిగొస్తానన్నవాడు వచ్చాడు. 1956 నుంచి 1960 దాకా వరసగా ఐదు స్టాన్లీ కప్‌లు. ఈసారి కోచ్ పాత జోడీదారు టో బ్లేక్, పక్కన ఆడుతున్నవాడు సొంత తమ్ముడు హెన్రీ. 1957లో 500వ గోల్, లీగ్ చరిత్రలో మొదటిసారి. 1960లో ఆట మానేసేనాటికి 978 మ్యాచ్‌లు, 544 గోల్స్, మొత్తం ఎనిమిది కప్‌లు.

1996లో పాత ఫోరమ్‌ని మూసేసే రోజు ఆయన్ని మంచు మీదకి పిలిచారు. చప్పట్లు నిమిషాల తరబడి ఆగలేదు. ఆపమని చెయ్యెత్తితే ఇంకా పెరిగాయి. ఎప్పుడూ ముఖం గంభీరంగా పెట్టుకునే మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. 2000 మే 27న క్యాన్సర్‌తో పోయారు. క్యూబెక్ ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేసింది. కడసారి చూడటానికి లక్షా పదిహేను వేలమంది వరసలో నిలబడ్డారు. వాళ్ళలో నలభై ఏళ్ళలోపు వాళ్ళెవరూ ఆయన ఆట కళ్ళారా చూసి ఉండరు.