ఒకే పొయ్యి, ఒకే రంగస్థలం

విరాటుని కొలువులో భీముడు వలలుడనే పేరుతో వంటవాడై ఉన్నాడు. పగలు వంటశాలలో గరిటె పట్టిన ఆ చేయే రాత్రి నర్తనశాలలో కీచకుని కడతేర్చింది. తెలుగునాట సుప్రసిద్ధమైన సురభి నాటక సమాజానికి తొలి ప్రదర్శన ఆ కీచకవధయే. సురభివారి కథ కూడా వంటశాలకు, నాట్యశాలకు నడుమ సాగిన కథయే గనుక ఈ పొంతన ఎంతో చక్కనిది.

1885వ సంవత్సరంలో కడప మండలమందలి సొరుగు గ్రామాన ఒక వివాహం జరిగింది. అతిథుల వినోదార్థం తోలుబొమ్మలాటవారిని పిలిపించినారు. వారిలో వనారస గోవిందరావుగారు ఒకరు. ఇంట మరాఠీ, ఆటలో తెలుగు పలికే కుటుంబం వారిది. తెర వెనుక దీపపు వెలుగులో బొమ్మల నాడించి, పద్యాలు పాడి జీవించడం వారి కులవృత్తి. ఆనాడు మాత్రం బొమ్మలను ప్రక్కనబెట్టి మనుష్యులే వేషాలు ధరించినారు. పెండ్లిభోజనాలారగించిన జనం ఆ కొత్త వేడుకను కన్నులారా చూచినారు. సొరుగే తరువాత సురభి అయినది. ఊరిపేరు సమాజానికి ఇంటిపేరైనది.

ఆ కాలపు నాటక సమాజాలలో స్త్రీపాత్రలను పురుషులే ధరించేవారు. కులస్త్రీ రంగమెక్కడం అపకీర్తి అని లోకం తలచేది. బొమ్మలాటలో స్త్రీపాత్రలకు గొంతునిచ్చినది ఇంటి ఆడవారే గదా! తెర వెనుక తగినది తెర ముందు తగకపోవుట ఏల? గోవిందరావుగారి సమాజం తొలినాళ్లలోనే తన ఇంటి స్త్రీలను రంగస్థలం మీద నిలిపింది. ఆ సాహసానికి లోకమిచ్చే నిందను భరించవలసినది ఆ కుటుంబమే.

ఆ సాహసాన్ని నిలబెట్టినది ఉమ్మడి పొయ్యి. సురభివారికి సమాజమంటే కుటుంబమే. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఒకే బిడారంగా ఊరూరా తిరిగేవారు. రాజు వేషధారికీ, తెర లాగేవానికీ ఒకే వంట. ఊరిజనం ప్రొద్దు క్రుంకగానే భోజనాలు ముగించి, చాపలు చంకనబెట్టుకొని నాటకానికి బయలుదేరేవారు. ఆ వేళకు నటులు ముఖాలకు రంగు పూసికొని సిద్ధంగా ఉండవలెను. నాటకం ముగిసేసరికి రాత్రి చాల గడచేది. చంటిబిడ్డలు తెరచాటున నిదురించేవారు. కొంత ఎదిగినవారు ప్రహ్లాదుడో, లోహితాస్యుడో అయ్యేవారు. ప్రత్యేకించి పాఠశాల లేకుండనే కళ తరం నుండి తరానికి అందినది.

కుటుంబం పెరిగిన కొలదీ సమాజాలు పెరిగినవి. ఒకప్పుడు ముప్పదికి పైగా సురభి సమాజాలు నడచినవి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద”లో లీలావతి పాత్రను ధరించినది సురభి కమలాబాయి. ఇంటి ఆడబడుచులను రంగమెక్కించిన ధైర్యం అట్లు తెరమీద కూడా ఫలించినది. అయితే ఆ సినిమాయే క్రమంగా నాటకశాలలను పలుచన చేసినది. డేరాలు ఒక్కొక్కటే మూతపడినవి. జీతానికి కుదిరిన నటులైతే వేరొక కొలువు చూచుకొనేవారు. ఒక్క పంక్తిని కూర్చుని తిన్నవారు అంత సులభంగా విడిపోలేదు. నేటికీ హైదరాబాదులోని శేరిలింగంపల్లి ప్రాంతంలో సురభి కుటుంబాలు నివసిస్తున్నవి; మాయాబజారు వంటి నాటకాలు ఆడుతున్నవి.

గోవిందరావుగారు విడిచిపోయిన ఆస్తి మేడలు కాదు, మాన్యాలు కాదు. కలిసి తినడం, కలిసి ఆడడం అనే నియమమే ఆయన ఇచ్చిన ఆస్తి. ఒక కళ బ్రతుకవలెనంటే ప్రేక్షకుల చప్పట్లు మాత్రమే చాలవు. ఆ కళాకారుని ఇంట పొయ్యి కూడా వెలుగుతుండవలెను.