తనంతట తానే దరువు వేసిన నావ

దొనకొండ స్టేషను మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా మాకు మీటర్‌గేజి కాలపు లోకోషెడ్డు గుర్తుకొస్తుంది. చప్పుడు విని ఆవిరి ఇంజను జబ్బు చెప్పగల మేస్త్రీలు అలాంటి షెడ్లలో ఉండేవారు. వారి పనితనంలో కాగితం మీదికెక్కింది బహు తక్కువ. తక్కిందంతా వారితోనే పోయింది. ఎనిమిది వందల ఏళ్ళనాటి ఒక మేస్త్రీ విషయంలో మాత్రం అలా జరగలేదు.

ఆయన పేరు బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ అల్ జజరీ. దిజ్లా, ఫురాత్ నదుల నడుమనున్న జజీరా ప్రాంతీయులు. ఆమిద్ నగరంలో, అంటే నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో, ఆర్తుఖీ పాలకుల కొలువు చేశారు. తండ్రి తర్వాత ఇద్దరు కొడుకుల పాలన కూడా చూశారు.

ఆయన చేసిన వింతల్లో ఒకటి వాద్యగాళ్ళ నావ. కొలనులో తేలే ఆ నావలో నలుగురు బొమ్మ మనుషులు. ఒకరిది పిల్లనగ్రోవి, ఒకరిది తంత్రీవాద్యం, తక్కిన ఇద్దరివీ తప్పెటలు. లోపల తొట్టిలోంచి నీరు చుక్కచుక్కగా ఒక గిన్నెలోకి దిగుతుంది. గిన్నె నిండగానే ఒరిగి నీటిని చక్రం మీద గుమ్మరిస్తుంది. చక్రంతోపాటు ఇరుసు తిరుగుతుంది. ఇరుసుకు దిగ్గొట్టిన మేకులు వరసగా మీటలను నొక్కుతాయి. మీట లేచినప్పుడల్లా బొమ్మ చెయ్యి తప్పెట మీద పడుతుంది. ఆ నీరే మూసిన పాత్రలో చేరి, లోపలి గాలిని ఈలలోకి నెడుతుంది. పిల్లనగ్రోవి మోగేది అలాగే. మళ్ళీ గిన్నె నిండేదాకా నిశ్శబ్దం. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో నిర్ణయించేది మేకు ఉన్న చోటే. నేడు కుర్రాళ్ళు కంప్యూటరులో గళ్ళు నింపి దరువు కట్టేదీ ఈ లెక్కనే.

అంతకు మూడు శతాబ్దాల ముందే బాగ్దాదులో బనూ మూసా సోదరులు తనంతట మోగే వేణువును వర్ణించారు. జజరీ వారి గ్రంథం ఎరిగినవారే.

ఆ నావ రాజుగారి పానగోష్ఠుల కోసం చేసింది. దాచడమెందుకు? అదే చేతులు వుజూ కోసమూ పనిచేశాయి. సేవకులు తన చేతుల మీద నీళ్ళు పోయడం సుల్తాన్ నాసిరుద్దీన్ మహమూద్‌కు ఇష్టముండేది కాదు. అందుకని కూజాతో తానే నీళ్ళు పోసే బొమ్మను జజరీ తయారుచేసి ఇచ్చారు.

ఈ పనులు చెడి మట్టిలో కలిసిపోకుండా పుస్తకంగా రాయమని ఆదేశించింది కూడా ఆ సుల్తానే. మా దృష్టిలో ఆ ఆజ్ఞ నావకన్నా విలువైనది. 1206లో గ్రంథం పూర్తయింది. అందులో 50 యంత్రాలున్నాయి. ఏ భాగం ఎంత కొలత, పోత ఎలా పోయాలి, ఎక్కడ అతకాలి, అన్నీ బొమ్మలు గీసి మరీ చెప్పారు. పూర్వులు రాసినవాటిలో కొన్ని వారు స్వయంగా చేసి చూసినవి కావని ఆయన ఫిర్యాదు. తాను మాత్రం చేసి చూశాకే రాశారు.

గ్రంథం పూర్తయిన ఏడాదే ఆయన కన్నుమూశారు. ఆనాటి ప్రతి ఒకటి ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి గ్రంథాలయంలో భద్రంగా ఉంది. 1974లో డొనాల్డ్ హిల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ తర్వాత ఇంగ్లండులో షెఫీల్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నోయెల్ షార్కీ ఆ మేకుల ఇరుసుకు నమూనా చేయించి, మేకులు మార్చి గుచ్చారు. దరువు మారింది.