జి.డి.నాయుడు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త, దాత. జి.డి.నాయుడు అన్న పొట్టిపేరుతోనే ప్రసిద్ధుడు. భారతదేశపు ఎడిసన్ అని ఇతనికి బిరుదు. ఇంజనీరింగు పట్టా లేదు. బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. యంత్రవిద్యలో ఇతని తొలి పాఠ్యపుస్తకం ఒక పాత మోటారుసైకిలు.

బాల్యము

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. విజయనగర, నాయక రాజుల కాలంలో తెలుగునాటినుండి వలసవెళ్ళి కొంగునాటి నల్లరేగడి నేలల్లో స్థిరపడిన కుటుంబాలు అక్కడ నేటికీ అనేకం ఉన్నాయి. ఇంట తెలుగు, బయట తమిళం వారి వాడుక. బడి అంటే నాయుడికి గిట్టేది కాదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి బడినుండి వెళ్ళగొట్టించుకున్నాడని చెబుతారు. ఆ తరువాత తండ్రి పొలంలోనే పనిచేశాడు.

రడ్జ్ మోటారుసైకిలు

ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారుసైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చాడు. అది ఇంగ్లండులోని కోవెంట్రీలో రడ్జ్-విట్‌వర్త్ సంస్థ తయారుచేసిన 1912 నాటి బండి. ఎద్దూ గుర్రమూ లేకుండా తనంతట తాను నడిచే బండి కుర్రవాని మనసు పూర్తిగా ఆకట్టుకున్నది. దానిని కొనాలన్న పట్టుదలతో నాయుడు ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా కుదిరాడు. జీతంలో మిగిల్చిన డబ్బు కూడబెట్టి చివరకు ఆ మోటారుసైకిలునే కొన్నాడు.

కొన్న తరువాత చేసినది మరింత విశేషం. దానిని సవారీకి మాత్రమే ఉంచుకోక, ఏ భాగానికి ఆ భాగం విడదీసి, తిరిగి బిగించాడు. ఆనాటి రడ్జ్ బండికి ఒకే సిలిండరు. ఇంజను శక్తి వెనుక చక్రానికి గొలుసు ద్వారా కాక బెల్టు ద్వారా అందేది. నేటి మోటారుసైకిళ్ళలో వలె ఎడమకాలితో గేరు మార్చే ఏర్పాటు అప్పటికి వాడుకలోకి రాలేదు. ఆ పనికి చేతిమీట ఉండేది. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో, గాలినీ పెట్రోలునూ కలిపే కార్బురేటరు, కవాటాలు, పిస్టను - అన్నీ కంటికి కనబడే, చేతికి అందే భాగాలే. ఆ రోజుల్లో పల్లెటూరి వానికి చూపించి నేర్పే మెకానిక్కు దొరకడం దుర్లభం. తీసిన మర తిరిగి తన చోట కూర్చోకపోతే, ఎంతో కష్టపడి కొన్న బండి పాత ఇనుముగా మిగిలేది. నాయుడు అటువంటి సాహసానికి ఒడిగట్టి నెగ్గుకు వచ్చాడు, క్రమంగా మెకానిక్కుగా స్థిరపడ్డాడు.

బస్సులు, పరిశ్రమలు

1920లో ఒక మోటారు బస్సు కొని, పొళ్ళాచ్చి - పళని మధ్య తానే నడిపాడు. ఇందుకు కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ సహాయం చేశాడు. ఆ ఒక్క బస్సే యు.ఎం.ఎస్. రవాణా సంస్థగా పెరిగింది. కొద్ది సంవత్సరాలలోనే దేశంలో సమర్థంగా నడిచే బస్సు సంస్థలలో ఒకటిగా అది పేరుపొందింది.

1937లో డి.బాలసుందరం నాయుడుతో కలిసి, పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సులో విద్యుత్ మోటారు తయారుచేశాడు. భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దీనిని పేర్కొంటారు. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు నేడున్న పేరుకు మూలాలు ఆ కాలంలోనే ఉన్నాయి.

బ్యాటరీతో నడిచే రసాంత్ క్షురకయంత్రం, పలుచని బ్లేళ్ళు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసినుతో నడిచే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం ఇతడు రూపొందించిన వాటిలో కొన్ని. 1941లో, అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించాడు. ఎడిసన్‌తో పోల్చడం కంటే, ఖరీదైన వస్తువును సామాన్యునికి అందే ధరకు దించే నేర్పరి అనడమే ఇతనికి ఎక్కువ తగును.

ఆ నేర్పుకు పెద్ద దెబ్బ 1952లో తగిలింది. ఆ ఏడు ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేసి, 2,000 రూపాయలకు అమ్మదలచాడు. పరిశ్రమల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టం 1951లో వచ్చిన తరువాత ప్రభుత్వ లైసెన్సు లేనిదే ఇటువంటి ఉత్పత్తి సాధ్యం కాదు. లైసెన్సు రాలేదు, కారు ఆగిపోయింది. మధ్యతరగతి కుటుంబాల కారుగా మారుతి 800 బజారులోకి వచ్చినది 1983లో.

విద్యారంగం

1945లో ఇతని కృషితోను, విరాళాలతోను కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. నాయుడే ప్రిన్సిపాలు. పట్టా లేని వాడు ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు కావడం అరుదైన సంగతే. నాలుగేళ్ళ చదువు కాలహరణమనీ, చేతిపనితో నేర్పితే రెండేళ్ళు చాలుననీ ఇతని వాదన. ప్రభుత్వం అంగీకరించలేదు. నాయుడు రాజీనామా చేశాడు. సిద్ధాంత గణితానికి రెండేళ్ళు చాలునా అన్న ప్రశ్న ఉండనే ఉన్నది. అయితే మరను ముట్టకుండానే పట్టా పొందే విద్యార్థుల గురించిన ఇతని అసంతృప్తిని కొట్టివేయడం కష్టం. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అది అక్కడినుండి తరలిపోయినా, అవినాశి రోడ్డులోని పాతచోటును హోప్ కాలేజి అని పిలవడం మానలేదు.

ఇతర విషయాలు

నాయుడికి ఛాయాగ్రహణమంటే మక్కువ. లండనులో అయిదవ జార్జి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. కొన్ని రచనలలో ఇది 1935 అని కనిపిస్తుంది గాని, ఆ రాజు మరణించినది 1936 జనవరిలో. పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలపైనా ప్రయోగాలు చేశాడు. ఆ తోటను చూడవచ్చిన వారిలో సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఉన్నారు.

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. ఇతని కుమారుడు జి.డి.గోపాల్. కుటుంబ ట్రస్టు ఆధ్వర్యంలో కోయంబత్తూరులో ప్రదర్శనశాల నడుస్తున్నది. 2015లో జీడీ కార్ల మ్యూజియం ప్రారంభమైంది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభించిన, 10 కిలోమీటర్లకు పైగా పొడవున్న పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది.