డబ్లిన్ నగరమున మన బరంపురపు విద్యార్థి



పాత్రపూర్ నుండి పైచదువునకై బరంపురము పోవుటయే మనలో అనేకులకు మొదటి ప్రయాణము. ఇంట తెలుగు, సంతలో ఒడియా, పై తరగతుల పుస్తకములలో ఆంగ్లము. ఇన్ని భాషల నడుమ మన పిల్లవాడు నెగ్గుకొని రాగలడా యని తల్లిదండ్రులు దిగులుపడుట సహజము. ఆ బరంపురముననే ఒక తెలుగింట జన్మించి, సుమారు 19 ఏండ్ల ప్రాయమున సముద్రములు దాటి, పరదేశపు విశ్వవిద్యాలయమున చదివి, తుదకు భారత రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన మహనీయుడు శ్రీ వరాహగిరి వేంకటగిరి. ఆయన విదేశమున గడపిన మూడేండ్లను ఇచట ముఖ్యముగా స్మరింతము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన జన్మించిరి. అప్పుడు గంజాము జిల్లా మదరాసు రాజధానిలో నుండెను. ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై, బరంపురము అందు చేరినది 1936 ఏప్రిల్ 1వ తేదీన. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు తరువాతి కాలమున జాతీయోద్యమములో పాల్గొని నిర్బంధమునకు లోనైన ధీరురాలు. గిరిగారు బరంపురపు ఖల్లికోట కళాశాలలో చదివి, న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండు దేశమునకు బయలుదేరిరి.

ఆ కాలమున భారతదేశమునుండి ఐర్లండుకు ప్రయాణికుల విమానములు లేవు. వారములకొలది ఓడప్రయాణము. ఇంటినుండి జాబు వచ్చుటకును అన్ని వారములు పట్టెడిది. గంజాము ఎండలలో పెరిగిన వానికి డబ్లిన్ నగరపు చలియు, ముసురువానయు, అన్నము దొరకని భోజనమును ఎట్లుండునో మీరే ఊహింపుడు. చదువును సులభమైనది కాదు. న్యాయవాదిపట్టమునకై కింగ్స్ ఇన్స్ అను సంస్థలో చేరవలెను. అచట ఉపన్యాసములు విని పరీక్షలు వ్రాసినంత మాత్రమున చాలదు. సంస్థ భోజనశాలలో పెద్దలతో కలిసి నిర్ణయింపబడినన్ని విందులకు కూర్చుండుటయు విధియే. ఆ దేశపు మర్యాదలను, మాటతీరును, నడవడిని దగ్గరనుండి నేర్చుకొనక తప్పదు.

అయినను ఆయన ఒంటరి కాలేదు. 1914–15 విద్యాసంవత్సరమున డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో న్యాయశాస్త్రము చదువవచ్చిన మొదటి 13 మంది భారతీయులలో గిరిగారొకరు. ఆయన న్యాయశాస్త్రముతో తృప్తిపడక బి.ఏ. తరగతిలోను చేరి, ఆంగ్లసాహిత్యమును, అర్థశాస్త్రమును చదువసాగిరి.

ఆంగ్లసాహిత్యము బోధించినవారిలో థామస్ మాక్‌డొనా ఒకరు. ఆయన కవి, దేశభక్తుడు. ఈ గురువును గూర్చి మనము తెలిసికొనదగిన విశేషమొకటి కలదు. ఐరిష్ ప్రజలకు స్వభాష యుండియు, శతాబ్దముల ఆంగ్లపాలనలో అది క్షీణించి, కొన్ని ప్రాంతములలో మాత్రమే ఇంటిభాషగా మిగిలెను. దానిని బ్రతికింపవలెనని పాట్రిక్ పియర్స్ అను విద్వాంసుడు 1908లో ఐరిష్, ఆంగ్లము రెండింటను బోధించు పాఠశాలను స్థాపించెను. మాక్‌డొనా అందు తొలి ఉపాధ్యాయులలో నొకడు. 1913 నుండి అచటి జాతీయ విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఐరిష్ భాషను నిర్బంధవిషయము గావించిరి. స్వభాషను విడువక పరభాషలో ప్రావీణ్యము సంపాదింపవచ్చునని చాటినవారి నడుమ మన గంజాము యువకుడు విద్యార్థి జీవితము గడపెను.

గిరిగారు వెళ్లిన 1913వ సంవత్సరముననే డబ్లిన్‌లో యజమానులు వేలకొలది కార్మికులను పనినుండి వెలివేసిరి. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కనోలీ అను నాయకులు ఆ పేదల పక్షమున పోరాడిరి. కూలివారు సంఘముగా నిలిచిన శక్తి యెట్టిదో గిరిగారు కన్నులార చూచిరి. ఆ పాఠము ఏ తరగతిలోను చెప్పబడినది కాదు. కాని ఆయన జీవితమునంతయు నడిపించినది అదియే.

1914లో యుద్ధము వచ్చెను. లండను నగరమున గాంధీమహాత్ముని కలిసికొని, క్షతగాత్రుల సేవాదళమున చేరుటకు గిరిగారు మొదట అంగీకరించిరి. పిదప సామ్రాజ్యయుద్ధమునకు తోడ్పడుట తగదని తోచి వెనుకకు తగ్గగా, గాంధీజీ కోపింపక విడిచిపుచ్చిరి. దక్షిణాఫ్రికాలో భారతీయులు పడు బాధలను గూర్చి గిరిగారును మిత్రులును ఒక చిన్న పుస్తకమును వెలువరింపగా ప్రభుత్వము పట్టుకొనెను. నాటినుండి వారిపై పోలీసుల కన్ను పడెను.

1916 ఏప్రిల్ 24న డబ్లిన్‌లో స్వాతంత్ర్యతిరుగుబాటు చెలరేగి, ఆరు దినములలో అణచివేయబడెను. మే నెలలో పియర్స్, మాక్‌డొనా, కనోలీ ప్రభృతులను కాల్చి చంపిరి. నిన్నటివరకు తరగతిలో సాహిత్యము బోధించిన గురువు నేడు లేడు! భారతీయ విద్యార్థుల బసలను పోలీసులు సోదాచేసిరి. నెలలోపల దేశము విడిచిపోవలసినదని జూన్ 1న గిరిగారికి ఉత్తరువు అందెను. జూన్ 21న న్యాయవాదిపట్టము మాత్రము లభించెను. బి.ఏ. చదువు పూర్తికాకయే ఆయన స్వదేశమునకు మరలిరి.

బరంపురమున న్యాయవాదవృత్తి నారంభించి, సహాయనిరాకరణోద్యమమున దానిని త్యజించిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపరచిరి. 1926లో అఖిలభారత కార్మికసంఘ కాంగ్రెసుకు అధ్యక్షులైరి. 1937లో బొబ్బిలి రాజావారిని ఎన్నికలో ఓడించి, మదరాసు ప్రభుత్వమున కార్మికమంత్రియైరి. సింహళమున భారత హైకమిషనరుగాను, కేంద్రమంత్రిగాను, మూడు రాష్ట్రములకు గవర్నరుగాను, ఉపరాష్ట్రపతిగాను పనిచేసి, 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతిగా నుండిరి. 1975లో భారతరత్న బిరుదము నందిరి. 1980 జూన్ మాసమున చెన్నపురిలో దివంగతులైరి.

బాలబాలికలారా! క్రొత్తచోటికి చదువబోవు వానికి రెండు ప్రమాదములు కలవు. ఒకటి, భయముతో గదిలో ముడుచుకొని కూర్చుండుట. రెండవది, తనవారిని, తన భాషను మరచి పరులలో కలిసిపోవుట. గిరిగారు ఈ రెండింటికిని లోబడలేదు. పరదేశపు వీధులలో జరుగుదానిని చూచిరి, అచటివారి కష్టమును గ్రహించిరి, గ్రహించినదానిని తెచ్చి మనదేశపు కూలివాని కొరకు వినియోగించిరి. ఒక పట్టము సగములో ఆగిపోయినను విద్య ఆగిపోలేదు.

మీరు బరంపురమునకు పోయినను, భువనేశ్వరమునకో విశాఖపట్టణమునకో పోయినను, సముద్రములు దాటినను ఇది మరువకుడు. అచటి భాషను శ్రద్ధతో నేర్వుడు, అచటివారితో మైత్రి నెరపుడు, ఇంటికి జాబు మాత్రము తెలుగున వ్రాయుడు.